పై అంతస్తు మామ్మ రేడియో

ఆస్పత్రి లిఫ్టులో మనిషి మొహం మనిషి చూడడు. ఏ ఊరి ఆస్పత్రికి వెళ్లి చూసినా ఇంతే. తలుపు మూసుకోగానే ఎక్కినవాళ్లంతా తలుపువైపే తిరిగి, నెత్తిమీద వెలిగే అంకెల్ని జాతకం చూసుకుంటున్నట్టు చూస్తూ నిలబడతారు. విచిత్రమేమిటంటే, అలా ఎవరి మొహమూ కనబడనప్పుడే జనం నిజాలు మాట్లాడతారు. ఎదురెదురుగా కూర్చుంటే "బాగానే ఉన్నాం" అనేవాళ్లు, తలుపుకేసి చూస్తూ మాత్రం "ఈసారి ఇంటికి తీసుకెళ్తామో లేదో" అనేస్తారు. అంతస్తు రాగానే కళ్లు తుడుచుకుని దిగిపోతారు.

ఈ రహస్యం లిఫ్టక్కకు కంఠతా వచ్చు. వయసులో ఉండగా ఆ మూల స్టూలు మీద కూర్చుంది, తల నెరిసేదాకా లేవలేదు. "పైకా, కిందికా?" అన్నదొక్కటే ఆమె అడిగే ప్రశ్న. మిగతావన్నీ ఎక్కినవాళ్లే చెప్పుకునేవాళ్లు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వార్డుబాయ్ నుంచి సూపరింటెండెంట్ దాకా అందరికీ ఆమె లిఫ్టక్కే.

ఎక్కించుకోవడమే గాని కూర్చోబెట్టుకోవడం లేని ఉద్యోగం అది. ఎంతమంది ఎక్కారో అంతమందీ దిగిపోయారు. ఇంట్లోనూ అదే వరస. ముందు నాన్న వెళ్లిపోయాడు. తర్వాత అమ్మ మంచాన పడి, చాన్నాళ్లు తీసుకుని తీసుకుని వెళ్లిపోయింది. ఆ మధ్యలో వచ్చిన పెళ్లి సంబంధాలు అమ్మ మంచాన్ని చూసి వచ్చిన దారినే మళ్లాయి. తమ్ముడు పెళ్లి చేసుకుని వేరే ఊళ్లో స్థిరపడ్డాడు. మంచివాడే, ఫోను చేస్తాడు. కాకపోతే "ఉంటానక్కా" అనే మాటతోనే మొదలుపెడతాడు.

కొన్నాళ్లకి ఆస్పత్రిలో కొత్త లిఫ్టు వచ్చింది. దాని బటన్లు ఎవరికి వాళ్లే నొక్కుకోవచ్చు, అంతస్తు పేరు లోపలినుంచి ఒక ఆడగొంతే చెబుతుంది. లిఫ్టక్క స్టూలు స్టోరు గదికి వెళ్లింది. లిఫ్టక్కను ఎక్కడికి పంపాలో ఆఫీసువాళ్లకు తోచలేదు. ఉంచితే దండగ, పంపితే పాపం. అప్పుడు చిన్న డాక్టరమ్మ వచ్చి, "ఆవిణ్ణి నాకివ్వండి" అని అడిగింది.

ఈ చిన్న డాక్టరమ్మ మనసు బాగోలేని కుర్రకారుకు వైద్యం చేస్తుంది. పాతకాలపు వైద్యంలో మందు సగం, పథ్యం సగం అనేవారు. ఏం తినాలో, ఏ వేళకు లేవాలో, ఎవరితో మాట్లాడాలో కూడా వైద్యుడే చెప్పేవాడు. మధ్యలో ఎక్కడో పథ్యం జారిపోయి మందొక్కటే చేతిలో మిగిలింది. డాక్టరమ్మ ఆ జారిపోయినదాన్ని వెతికి తెచ్చుకుంది. మాత్రలు కావలసినవాళ్లకు మాత్రలు రాస్తూనే, వాటి కింద ఇంకో వరస రాసేది: బుధవారం ఈత. ఆదివారం పొద్దున నడక గుంపు. కుక్కల షెల్టర్లో కుక్కలకు స్నానం. ఒకడు ఆ చీటీ అలాగే తీసుకెళ్లి మందుల షాపులో ఇస్తే, "కుక్కల స్నానం మా దగ్గర స్టాకు లేదు, పక్క షాపులో అడుగు" అన్నాడట షాపతను.

చీటీ రాసినంత మాత్రాన మనిషి వెళ్లడు. గది దాటి బయటికి రాలేకే కదా డాక్టరు దగ్గరికి వచ్చింది. చీటీకీ ఆ చోటుకీ మధ్య ఉన్న దారి లిఫ్టక్క పని. మొదటిరోజు వెంట వెళ్లాలి, పక్కన కూర్చోవాలి, నాలుగు మొహాలు పరిచయమయ్యాక మెల్లగా తప్పుకోవాలి. చెయ్యి పట్టుకోవడం ఎవరికైనా వచ్చు, ఎప్పుడు వదలాలో తెలియడమే కష్టం. డాక్టరమ్మ గది బయట వరండాలో వీధివైపు ఒక బల్ల ఉంది. లిఫ్టక్క పిల్లల్ని ఎప్పుడూ ఎదురుగా కూర్చోబెట్టుకోలేదు. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ వీధికేసి చూడటమే ఆమె పద్ధతి.

ఆ బల్ల మీదికే ఒకరోజు టైల్స్ మేస్త్రీ తన కూతుర్ని తీసుకొచ్చాడు. అతని ప్యాంటు మోకాళ్ల దగ్గర సిమెంటు గడ్డకట్టి ఉంది. పిల్ల చదువుకోసం హాస్టలుకు వెళ్లి, ఏడాది సగంలో పెట్టెతో తిరిగొచ్చింది. ఏం జరిగిందంటే ఏమీ జరగలేదంది. నిజంగానే ఏమీ జరగలేదు. కుళాయిలో నీళ్లు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయినట్టు, మాట ఆగింది, చదువు ఆగింది, స్నేహితుల ఫోన్లు ఆగాయి. పగలంతా దుప్పటి ముసుగులోనే.

"అక్కా, ఇది చిన్నప్పుడు వాగుడుకాయ. నేను టైలు పెడుతుంటే పక్కన కూర్చుని, ఇది వంకర నాన్నా, అది వంకర నాన్నా అని నా ప్రాణం తీసేది. ఇప్పుడు వంకరగా పెట్టినా మాట్లాడదు. ఏదో ఒకటి చెయ్యండి."

"మీరు వెళ్లి టీ తాగి రండి బాబూ," అంది లిఫ్టక్క.

అతను వెళ్లాక ఇద్దరూ వీధిని చూస్తూ కూర్చున్నారు. ఎదురు షాపువాడు షట్టరు ఎత్తడానికి కుస్తీ పడుతున్నాడు. సగం దాకా వచ్చి ఒకపక్కకి ఒరిగి ఇరుక్కుపోతోంది.

"రోజూ ఇంతే వాడి గొడవ," అంది లిఫ్టక్క గాలికి చెప్పినట్టు.

చాలాసేపయ్యాక పిల్ల అంది. "కుడిపక్క స్ప్రింగు వదులైంది."

ఆ ఒక్క మాట పట్టుకునే డాక్టరమ్మ చీటీ రాసింది: శనివారం మధ్యాహ్నం, రిపేరు గది. రాసి లిఫ్టక్కను లోపలికి పిలిచింది. "జాగ్రత్త అక్కా. ఒకసారి మూసుకున్న తలుపు ఇప్పుడు కొంచెం తెరుచుకుంది. మళ్లీ మూసుకుంటే ఈసారి తెరవడం నావల్ల కూడా కాకపోవచ్చు."

రిపేరు గది లైబ్రరీ వెనక ఉంది. ఒకప్పుడు పాత పేపర్లు కట్టలు కట్టి పడేసేవాళ్లు అందులో. షాపు మూసేసిన ఒక రేడియో మెకానిక్ దాన్ని అడిగి తీసుకుని, శనివారాలు తెరుస్తాడు. ఊళ్లోవాళ్లు పాడైన ఫ్యాన్లూ, మిక్సీలూ, ఇస్త్రీపెట్టెలూ తెచ్చి పెడితే, వచ్చిన కుర్రకారుకు విప్పడం, చూడటం, బిగించడం నేర్పుతాడు. ఆయన్ని అందరూ కెపాసిటర్ బాబాయ్ అంటారు. ఏది తెచ్చినా చూడకుండానే "కెపాసిటర్ పోయుంటుంది" అంటాడు గనక. మోకాలు నొప్పని ఎవరైనా అన్నా అదే రోగం చెబుతాడు.

మొదటి శనివారం పిల్ల చేతికి ఎవరిదో ఒక టేబుల్ ఫ్యాన్ వచ్చింది. మాట్లాడకుండా విప్పింది, లోపల తెగిన వైరు చూసింది, బాబాయ్ చూపించినట్టు టంకం పెట్టింది. స్విచ్ వేస్తే రెక్కలు కదిలాయి. ఫ్యాను యజమాని ఒక లావుపాటి బేకరీ ఆయన. గాలికి మొహం అడ్డం పెట్టి కళ్లు మూసుకుని, "అబ్బ, బతికించావమ్మా" అన్నాడు. పిల్ల తలెత్తలేదు. కానీ తిరిగొచ్చేటప్పుడు దారిలో లిఫ్టక్కను అడిగింది. "ఆయన రాత్రికి అదే పెట్టుకుని పడుకుంటాడా?"

"మరి? నువ్వు తిప్పిన గాలే."

ఆ తర్వాతి వారం దానంతటదే వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. అక్కడిదాకా అంతా బాగుంది. ఆ తర్వాత ఒక శనివారం ఊళ్లో ఎవరి సామానూ పాడవలేదు. బల్ల ఖాళీ. ఉన్న ఒక్క మిక్సీని ఇద్దరు కుర్రాళ్లు పంచుకున్నారు. పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని గోడవార కూర్చుంది. చాలాసేపు కూర్చుని, చెప్పకుండా లేచి వెళ్లిపోయింది. మరుసటి శనివారం రాలేదు. లిఫ్టక్క ఫోను చేస్తే మేస్త్రీ ఎత్తాడు. "మళ్లీ ముసుగు తన్నిందక్కా. వెళ్లి ఏం చెయ్యాలి, అక్కడ నా అవసరం లేదు అంటోంది."

ఆ మాట లిఫ్టక్కకు తగలవలసిన చోట తగిలింది. నీ అవసరం లేదని కొత్త లిఫ్టు చెప్పిన రోజు ఆమె కూడా ఇంటికొచ్చి లైటు వేసుకోలేదు.

ఆమె ఉండేది ఒక పాత భవనంలో పై అంతస్తు గది. లిఫ్టు లేని భవనం, అదో వేళాకోళం. గదిలో మంచం, అమ్మ వాడిన కుర్చీ, టేబుల్ ఫ్యాను, ఇస్త్రీపెట్టె, ఒక రేడియో. రేడియోను బల్లమీద బోర్లించి, స్క్రూలు విప్పి, గోళ్లు తీసుకునే కత్తెరతో ఒక వైరు కత్తిరించింది. పాట ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారిగా చిన్నబోయింది. అయినా మళ్లీ బిగించి సంచిలో పెట్టుకుని మేస్త్రీ ఇంటికి బయల్దేరింది.

"ఇది ఒక మామ్మది తల్లీ," అంది పిల్ల మంచం పక్క నేలమీద కూర్చుని, గోడకేసి చూస్తూ. "పై అంతస్తులో ఒక్కతే ఉంటుంది. రేడియో ఒక్కటే తోడు. అన్నం తినేటప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుంటుంది. పాట మధ్యలో ఆపితే పాడేవాళ్లు ఏమనుకుంటారోనని ఆపదు కూడా. మూగబోయిందని బెంగ పెట్టుకుంది. బాబాయ్‌కి తీరిక లేదట. ఎవరికివ్వాలో తెలీక తెచ్చా."

ముసుగు కొంచెం కిందికి జరిగింది.

అలా మొదలైంది. అబద్ధం అతికినట్టుంటుందని ఊరికే అనలేదు. శనివారం బల్ల ఖాళీగా ఉండేలా కనబడితే చాలు, మామ్మ ఇంట్లో ఏదో ఒకటి పాడయ్యేది. ఫ్యాను తిరగడం మానేది, ఇస్త్రీపెట్టె కాలడం మానేది, రేడియోకి మళ్లీ గొంతు పోయేది. లిఫ్టక్క సోమవారమే కత్తిరించి సిద్ధంగా పెట్టేది, పిల్ల శనివారం అతికించేది. వారమంతా లిఫ్టక్క చెమటలు కక్కుతూ, ముడతల చీరలు కట్టుకుని, పాట లేని గదిలో అన్నం తిని, మళ్లీ శనివారం కోసం చూసేది. చిన్న డాక్టరమ్మ ఒకసారి "చీర ఇస్త్రీ చేసుకోవట్లేదేంటక్కా?" అంటే, "ఇప్పుడిదే ఫ్యాషన్" అంది.

పిల్ల మాత్రం తేటపడుతోంది. మేస్త్రీ ఒకరోజు ఆస్పత్రికి పరుగున వచ్చాడు, కళ్లలో నీళ్లు. "అక్కా, నిన్న వాళ్లమ్మ మీద అరిచింది! కూరలో ఉప్పెక్కువైందని అరిచింది! మా ఆవిడ ఆనందం పట్టలేక ఇవాళ కూడా ఉప్పెక్కువే వేసింది."

దానికి తోడు మామ్మ గురించి ప్రశ్నలు మొదలయ్యాయి. మామ్మకు ఎవరూ లేరా? మెట్లెక్కి ఎలా వెళ్తుంది? పొద్దున లేవగానే ఎవరితో మాట్లాడుతుంది? లిఫ్టక్క జవాబులు చెబుతూ పోయింది. వెతుక్కోనక్కర్లేని జవాబులు. తమ్ముడు ఉన్నాడు, ఫోను చేస్తాడు. మెట్లమీద మధ్యలో ఒకచోట ఆగుతుంది. పొద్దున లేవగానే ఎవరితోనూ మాట్లాడదు, ఒకసారి దగ్గి తన గొంతు ఉందో లేదో చూసుకుంటుంది. ఇవన్నీ ఇంతకు ముందు ఎవరూ అడగలేదు. అందుకే కావచ్చు, అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువే చెప్పింది.

కానీ నమ్మే మనిషి ఆలోచిస్తుంది. ఒక శనివారం పిల్ల ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకుని కూర్చుంది, విప్పలేదు.

"అక్కా, ఒకే ఇంట్లో ఇన్ని పాడవడమేంటి? ఆ ఇంటి కరెంటులోనే ఏదో తేడా ఉంది. మామ్మకు షాక్ కొడితే? ఒంటరి మనిషి, పడిపోతే చూసేవాళ్లు కూడా ఉండరు."

"అబ్బే, పాత సామాను కదా..."

"పాత సామాను ఇలా పాడవదు. నేను వచ్చి మీటరు పెట్టి చూస్తా. ఇల్లెక్కడ?"

గదిలో అంతమంది ముందు ఆ పిల్ల అంత పెద్దగా మాట్లాడటం అదే మొదలు. కెపాసిటర్ బాబాయ్ కళ్లద్దాల మీదుగా చూశాడు. లిఫ్టక్క ఏదో గొణిగింది. మామ్మకు కొత్తవాళ్లంటే భయమంది, ఊరెళ్లిందంది. రెండూ ఒకే వాక్యంలో అంది.

పిల్ల ఇస్త్రీపెట్టె విప్పింది. కరెంటు తేడా అయితే లోపల కాలిన మచ్చ ఉండాలి. మచ్చ లేదు. వైరు చివర వెలుతురుకు పెట్టి చూసింది. వాడగా వాడగా తెగిన వైరు చివర పోగులు ఎగుడుదిగుడుగా, నల్లబడి ఉంటాయి. ఇక్కడ పోగులన్నీ ఒకే వరసలో, కొత్త రాగిలా తళతళలాడుతున్నాయి.

"ఇది తెగలేదు. కత్తిరించారు."

"ఎలకలేమో తల్లీ," అంది లిఫ్టక్క, అడగకుండానే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆమె చెయ్యి గోళ్ల కత్తెర ఉన్న చేతిసంచి మీదికి వెళ్లింది కూడా.

"ఎలకలు ఇంత నున్నగా కొరకవక్కా." పిల్ల సంచి వంక చూసింది, ఆమె నలిగిన చీర వంక చూసింది. "మామ్మ లేదు కదా?"

లిఫ్టక్క సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పిల్ల విప్పిన స్క్రూలన్నీ ఒక మూతలో పోసి, మూత బల్ల మధ్యకు జరిపి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఎదురుగా వస్తున్నవాళ్లకు పక్కకి ఒదిగి దారి కూడా ఇచ్చింది.

"నాకు రెండోసారికే తెలుసు," అన్నాడు బాబాయ్ తర్వాత. "పోన్లే, పిల్ల తిరుగుతోంది కదా అని ఊరుకున్నా. కానీ జబ్బు లేనివాడికి రోజూ ఆపరేషన్ చేయిస్తే ఎలాగమ్మా లిఫ్టూ? ఎప్పుడో ఒకప్పుడు వాడు లేచి, నాకేం జబ్బు అని అడగడూ?"

సోమవారం చిన్న డాక్టరమ్మకు అంతా చెప్పింది. డాక్టరమ్మ కేకలు వేయలేదు. వేసుంటే బాగుండేది.

"నన్నడగాల్సింది అక్కా," అంది చివరికి. "ఆ పిల్ల నమ్మింది రేడియోను కాదు, తన అవసరం ఒకరికి ఉందన్నదాన్ని. మనం దాన్నే కత్తిరించాం. వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తలుపు తీయకపోతే బయటినుంచే చెప్పండి. సమర్థించుకోకండి. చచ్చిపోవడం గురించి ఒక్క మాట వినబడినా, ఆ క్షణమే నాకు ఫోను చేయండి."

ఊరందరి ఇళ్లలో అద్దాల్లాంటి టైల్స్ పరిచే మేస్త్రీ ఇంట్లో మాత్రం గచ్చు పెచ్చులు లేచిపోయి ఉంది. మేస్త్రీ మొహం కూడా అలాగే ఉంది. "పలకట్లేదక్కా. పళ్లెం తలుపు దగ్గర పెడితే కొంచెం తిని మళ్లీ బయట పెడుతోంది," అని, తాను వంటింట్లో భార్య దగ్గరికి వెళ్లిపోయాడు.

లిఫ్టక్క మూసిన తలుపుకు వీపు ఆనించి గచ్చు మీద కూర్చుంది. ఎదురుగా గోడ, గోడకు ఒక మేకు, మేకుకు మేస్త్రీ చొక్కా. ఆ చొక్కాతో చెప్పింది.

"రేడియో నాదే తల్లీ. ఫ్యానూ, ఇస్త్రీపెట్టే కూడా. నేనే కత్తిరించా. నువ్వు రావేమోనని భయమేసి."

లోపలినుంచి మాట వచ్చింది, తలుపుకు దూరంగా.

"చిన్నపిల్లలకి ఉత్తుత్తి వంటగిన్నెలు ఇస్తారు చూడండి. అలా ఇచ్చారు నాకు."

చెప్పుకోవడానికి లిఫ్టక్క దగ్గర చాలా ఉంది. నీ మంచికే అనొచ్చు, నా ఇల్లు ఎలా అయిందో చూడు అనొచ్చు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగింది.

"అవును తల్లీ. అలాగే ఇచ్చా."

"బేకరీ ఆయన ఫ్యాను?"

"అది నిజంగా ఆయనదే. నిజంగా పాడైందే. అది నువ్వే బాగుచేశావు."

తర్వాత తలుపు కొంచెం కదిలింది. అవతలినుంచి ఎవరో వీపు ఆనించినట్టు. ఈసారి గొంతు దగ్గరగా వినిపించింది, కింద గచ్చు మీదనుంచి.

"మామ్మ మెట్లమీద మధ్యలో ఆగుతుందన్నారు. పొద్దున లేచి దగ్గి, గొంతు ఉందో లేదో చూసుకుంటుందన్నారు. అవి కూడా ఉత్తుత్తివేనా?"

లిఫ్టక్క మేకుకున్న చొక్కాను చూస్తూ ఉండిపోయింది. లిఫ్టులో అయితే ఈపాటికి ఏదో ఒక అంతస్తు వచ్చి తలుపు తెరుచుకునేది.

"కాదు," అంది.

అవతలినుంచి ఇంకో ప్రశ్న రాలేదు. తలుపూ తెరుచుకోలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలయ్యేదాకా అలా కూర్చుని, చెయ్యి గోడకు ఆనించి లేచి, లిఫ్టక్క ఇంటికి వెళ్లిపోయింది.

ఆ వారమంతా మేస్త్రీ దగ్గర్నుంచి కబురు లేదు. ఫోను మోగినప్పుడల్లా ఆమె చేతిలో పని వదిలేసి ఎత్తింది. ఒకసారి తమ్ముడు, "ఉంటానక్కా." ఒకసారి రాంగ్ నంబరు, పాపం అతను ఇంకాస్త ఎక్కువసేపు మాట్లాడాడు. శనివారం సాయంత్రం కెపాసిటర్ బాబాయ్ ఆస్పత్రికి వచ్చి డాక్టరమ్మ గది ముందు నిలబడి చెప్పాడు. పిల్ల వచ్చింది. ఎవరూ తీసుకురాలేదు, తనే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగిందట: "నిజంగా పాడైనవి ఎక్కడ దొరుకుతాయి?"

"లోకమంతా నిజంగా పాడైనవే గదమ్మా, అడగాలంతే అన్నాను," అన్నాడు బాబాయ్. "ఇంతకీ అడగలేకపోవడమే కదా దాని జబ్బు. చూద్దాం."

అడగడం ఎలా మొదలైందంటే, తండ్రి పనిచేసే ఇళ్ల దగ్గర. నేల మార్పించుకునేవాళ్లు ఇల్లంతా ఖాళీ చేస్తారు. అటకమీది పాత సరుకంతా వాకిట్లోకి వస్తుంది. పిల్ల తండ్రి వెనక నిలబడి, మొదట తండ్రి చేత అడిగించింది. ఆయనకు అడగడం రాదు. "మా పిల్లకి మీ చెత్త కావాలండీ" అన్నాడట ఒకచోట. అది విని పరువు పోతుందని, ఆ తర్వాతనుంచి తనే అడగడం మొదలుపెట్టింది. మిక్సీలు దొరికాయి, గంట మోగని తలుపుగంట దొరికింది. ఒక నీళ్ల మోటారు మాత్రం లోపలంతా మాడిపోయింది. ఎంత కుస్తీ పట్టినా లేవలేదు. యజమాని దగ్గరికి వెళ్లి, "ఇది బాగవదండీ, నావల్ల కాలేదు" అని చెప్పి వచ్చిందట. బాబాయ్ ఆ ముక్క చెబుతూ, "బాగైనవాటికన్నా దాని గురించే ఎక్కువ మాట్లాడుతోందమ్మా. ఇంటికెళ్లి ఇంకోసారి పుస్తకం చూస్తుందట" అన్నాడు.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం పిల్ల వరండాలోకి వచ్చి లిఫ్టక్క పక్కన కూర్చుంది. డాక్టరమ్మను కలిసే రోజు అది. జుట్టు దువ్వుకుని ఉంది, వేలికి టంకం కాలిన మచ్చ ఉంది. ఇద్దరూ వీధిని చూశారు.

"అక్కా, ఒకటి చెప్పాలి."

"చెప్పు తల్లీ."

"శనివారాలు మీరు రావద్దు."

ఎండలో ఒక రిక్షా వెళ్లింది. అది మలుపు తిరిగేదాకా లిఫ్టక్క చూసింది.

"కోపం కాదు," అంది పిల్ల. "మీరు గుమ్మంలో కనబడితే, చేతిలో ఉన్నది నిజంగా పాడైందా లేదా అని వైరు చివర చూసుకుంటాను. బాబాయ్ ఇచ్చినవి కూడా. ఆ అనుమానం పట్టుకుంటే ఇంక పనిచేయలేను."

"సరే."

"కోపం కాదని చెప్పా కదా."

"నమ్మాన్లే."

మంచికే చెప్పింది, తెలివిగా కూడా చెప్పింది. ఎవరి చెయ్యి ఎప్పుడు వదలాలో చెప్పడం లిఫ్టక్క పని. ఈసారి ఆ పని పిల్లే చేసింది, తనకంటే శుభ్రంగా. అడగాలని ఒక మాట మాత్రం లోపల తిరుగుతూనే ఉంది. శనివారాలు సరే, ఎప్పుడైనా ఓ ఆదివారం మా ఇంటికి, ఊరికే, మెట్లు కొంచెం ఎక్కువే గాని... అంతలో లోపలినుంచి డాక్టరమ్మ పిలిచింది. పిల్ల లేచి వెళ్లింది.

తర్వాతి శనివారం లిఫ్టక్క అలవాటుకొద్దీ తయారైంది. గదిలో ఫ్యాను తిరుగుతోంది, రేడియో పాడుతోంది, ఒంటిమీద చీర మడత నలగకుండా ఉంది. ఇంట్లో అన్నీ పనిచేస్తున్నాయి. సంచి భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి, వీధి చివరిదాకా వచ్చాక గాని గుర్తు రాలేదు. అక్కడ నిలబడిపోయింది. వెనక్కి వెళ్దామంటే మెట్లు ఎక్కాలి. ముందుకు వెళ్దామంటే చోటు లేదు.

అప్పుడే మేస్త్రీ మోపెడ్ వచ్చింది. వెనక పిల్ల, ఒళ్లో పాత కూలరు మోటారు, దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఉంది. మేస్త్రీ బండి ఆపకుండానే నెమ్మది చేశాడు.

"ఎక్కడికక్కా, ఈ ఎండలో?"

"ఊరికే. కూరగాయలకి."

పిల్ల ఆమె వైపు చూసి తలూపింది. ఆ తర్వాత మోటారు జారకుండా సర్దుకుని ముందుకు చూసుకుంది. బండి లైబ్రరీ సందులోకి తిరిగింది. సందులోనుంచి బాబాయ్ గొంతు, "దానిదీ కెపాసిటరే!" అనడం, దానికి ఎవరో నవ్వడం వినబడ్డాయి. ఆ నవ్వు పిల్లదో కాదో ఇంత దూరంనుంచి తెలియదు. లిఫ్టక్క ఎప్పుడూ ఆ పిల్ల నవ్వు విననే లేదు.

ఇంట్లో నిన్న తెచ్చిన కూరగాయలు అలాగే ఉన్నాయి. అయినా ఇక అబద్ధాలు చాలనుకుందో ఏమో, అన్న మాటను నిజం చేయడానికి మూలమీది కూరగాయల బండి దగ్గరికి నడిచింది. రెండు వంకాయలు, కొంచెం బెండకాయలు ఏరి తక్కెట్లో వేసింది.

కూరగాయలామె తక్కెడ ఎత్తి చూసి నవ్వింది. "ఇవేం సరిపోతాయమ్మా? ఇంట్లో ఎంతమంది?"

ఇన్నేళ్లూ ఈ ప్రశ్నకు లిఫ్టక్క ఏదో ఒకటి చెప్పి దాటేసేది. తమ్ముడొస్తాడనేది, ఇంట్లో ఇంకా ఉన్నాయనేది. ఈసారి కూరగాయలామె మొహంలోకే చూసింది.

"ఒక్కదాన్నే," అంది.